ఆఫర్ లెటర్ వచ్చాక కూడా ఉద్యోగం ఆగిపోవచ్చు: బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఏం చూస్తారు?

ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఆఫర్ లెటర్ వచ్చింది. పాత కంపెనీలో రాజీనామా పెట్టి, నోటీస్ పీరియడ్ కూడా పూర్తి చేశారు. కొత్త ఆఫీసులో చేరి నెల తిరగకుండానే హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్: ‘మీ వెరిఫికేషన్‌లో తేడా కనిపించింది, రెండు రోజుల్లో వివరణ ఇవ్వండి.’

హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేసే ఐటీ ఉద్యోగులకు ఈ మెయిల్ అంటే గుండె దడ. ఎందుకంటే నియామకం వెరిఫికేషన్‌కు లోబడి ఉంటుందనే వాక్యం ఆఫర్ లెటర్‌లోనే ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది తేలేదాకా ఉద్యోగం పూర్తిగా మీది కానట్టే.

ఈ తనిఖీకి వాడే రికార్డుల్లో చాలావరకు ప్రభుత్వ సంస్థల దగ్గర ఉన్నవే. కంపెనీ కంటే ముందు వాటిని మీరే చూసుకోవచ్చు. కానీ ఆ పని చేసేవాళ్లు తక్కువ.

పీఎఫ్ ఖాతాలో అన్నీ తెలిసిపోతాయి

ఒకప్పుడు అనుభవానికి రుజువు అంటే రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు. ఇప్పుడు కంపెనీలు ముందుగా అడిగేది యూఏఎన్. ఈపీఎఫ్‌ఓ 2014 నుంచి ఇస్తున్న ఈ 12 అంకెల నంబరు ఉద్యోగం మారినా మారదు. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఎప్పుడు మానేశారు, ఏ నెలలో ఎంత జమ అయింది అన్నవి సర్వీస్ హిస్టరీలో, పాస్‌బుక్‌లో వరుసగా కనిపిస్తాయి.

‘మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, లెటర్లు, పేస్లిప్పులు అన్నీ మేమే ఇస్తాం, హెచ్‌ఆర్ ఫోన్ చేస్తే మా వాళ్లే మాట్లాడతారు’ అని ఫ్రెషర్లకు ఆశ చూపే కన్సల్టెన్సీల గురించి అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. లెటర్ ఎవరైనా ముద్రించగలరు. మూడేళ్ల కిందటి నెలల్లో పీఎఫ్ జమ అయినట్టు ఇవాళ పాస్‌బుక్‌లో చూపించడం అంత తేలిక కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడిన జాడ ఉండదు, ఫారం 26ఏఎస్‌లో ఆ కంపెనీ కోసిన టీడీఎస్ ఉండదు. దొరికితే ఉద్యోగం పోవడంతో సరిపోదు. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం. డబ్బు తీసుకున్న కన్సల్టెన్సీ ఆ సమయానికి ఫోన్ ఎత్తుతుందా అన్నది వేరే సంగతి.

అలాగని పీఎఫ్ లేని ప్రతి ఉద్యోగమూ నకిలీ కాదు. 20 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థకు సాధారణంగా ఈపీఎఫ్ తప్పనిసరి కాదు. చిన్న స్టార్టప్‌లోనో, ఆడిటర్ ఆఫీసులోనో నిజంగానే పనిచేసినవాళ్లు ఉంటారు. మీది అదే పరిస్థితి అయితే, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉంటే ఫారం 16 సిద్ధంగా పెట్టుకోండి. అడిగే దాకా ఆగకుండా ఫారం నింపేటప్పుడే ఆ మాట చెప్పడం మంచిది.

నిజాయతీగా పనిచేసినవాళ్లనూ ఇబ్బంది పెట్టే విషయం మరొకటి ఉంది. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని నమోదు చేయకపోతే, రికార్డు ప్రకారం మీరు ఇంకా అక్కడే ఉన్నట్టు. కొత్త కంపెనీకి అది ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. 2022లో 300 మందిని తొలగించినట్టు విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పాక ‘మూన్‌లైటింగ్’ అన్న మాట అందరికీ తెలిసిపోయింది కాబట్టి, ఈ అనుమానాన్ని హెచ్‌ఆర్‌లు తేలిగ్గా తీసుకోరు. చివరి జమ తర్వాత రెండు నెలలు గడిస్తే, ఆ తేదీని ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా ఉద్యోగే నమోదు చేసుకోవచ్చు.

ఇంటిపేరు తెచ్చే చిక్కు

మన పేర్లతో ఓ సమస్య ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో చివర. పెళ్లయ్యాక మారిన పేరు ఇంకొకటి. మనకు ఇదంతా ఒక్కరే అని తెలుసు. తనిఖీ చేసే ఏజెన్సీ ఉద్యోగికి అవి మూడు పేర్లు. ఆధార్‌తో వెరిఫై అయి, 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చిన యూఏఎన్ అయితే పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను కంపెనీ ఆమోదం లేకుండానే ఆన్‌లైన్‌లో సరిచేసుకునే వీలు 2025 జనవరి నుంచి ఉంది. ఉద్యోగ ప్రయత్నాలు మొదలుపెట్టేముందే ఈ పని చేసుకోవడం మేలు.

డిగ్రీ సంగతికొస్తే, డిజిలాకర్‌లో సంస్థ నేరుగా జారీ చేసిన సర్టిఫికెట్‌కు చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. మీరే స్కాన్ చేసి అప్‌లోడ్ చేసిన కాపీకి ఆ విలువ లేదు. తెలంగాణ వర్సిటీల విద్యార్థుల రికార్డులను కంపెనీలు ఆన్‌లైన్‌లో సరిచూసుకునేందుకు ఉన్నత విద్యామండలి 2022లో ఒక పోర్టల్ కూడా తెచ్చింది.

పాత కేసు ఉంటే చెప్పాలా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. స్నేహితులతో గొడవలో నమోదైన కేసు, ఎప్పుడో డ్రంకెన్ డ్రైవ్‌లో కట్టిన జరిమానా. ‘ఫైనే కదా’ అనుకుంటారు. నేరం ఒప్పుకుని కోర్టులో జరిమానా కట్టారంటే చట్టం దృష్టిలో అది శిక్ష పడినట్టే. ‘ఎప్పుడైనా శిక్ష పడిందా’ అని ఫారంలో ఉంటే, ‘లేదు’ అని రాయడం అబద్ధమవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో దీనిపై స్పష్టత ఇచ్చింది. అడిగిన వివరం నిజంగా చెప్పాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసును దాచినా, యజమాని తన విచక్షణతో మన్నించవచ్చు. అయితే నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. మరో ముఖ్యమైన మాట: ఫారంలో నిర్దిష్టంగా అడగని విషయాన్ని దాచారంటూ అభ్యర్థిని తప్పుపట్టకూడదు. కాబట్టి ప్రశ్నను రెండుసార్లు చదవండి. ‘కేసు ఉందా’, ‘అరెస్టు అయ్యారా’, ‘శిక్ష పడిందా’ అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ తీర్పు ప్రైవేటు కంపెనీలను అదే స్థాయిలో కట్టడి చేయదు. అక్కడ ఒప్పందమే కీలకం.

ఏజెన్సీలు కోర్టు కేసులను పేరుతో కూడా వెతుకుతాయి. మీ పేరే ఉన్న మరొకరి కేసు మీ ఖాతాలో పడే ప్రమాదం ఉంది. అలా జరిగితే తండ్రి పేరు, వయసు, చిరునామా చూపించి అది మీరు కాదని రాతపూర్వకంగా చెప్పండి.

మీ అనుమతి, మీ హక్కు

ప్రస్తుత కంపెనీకి ఫోన్ చేయొద్దని చెప్పే వీలు చాలా ఫారాల్లో ఉంటుంది. ఆ గడిని చూడకుండా సంతకం పెడితే, మీరు వెళ్లిపోతున్న సంగతి మీ మేనేజర్‌కు మీకంటే ముందు ఇంకొకరు చెప్పినట్టవుతుంది. రిఫరెన్స్‌గా ఎవరి పేరు ఇచ్చినా వాళ్లకు ముందుగా చెప్పి ఉంచండి.

అమెరికాలో ఇలాంటి రిపోర్టు ఆధారంగా ఉద్యోగం నిరాకరించాలనుకుంటే, ముందుగా అభ్యర్థికి దాని కాపీ ఇవ్వాలని 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం చెబుతోంది. మన దగ్గర అంత సూటి నిబంధన లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మన డేటా వివరాలు అడిగే, తప్పులు సరిచేయించుకునే హక్కులు ఉన్నాయి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ హక్కులు పూర్తిగా అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు ఉంది.

ఈలోగా ‘తేడా వచ్చింది’ అని మెయిల్ వస్తే, ఏ పత్రంలో, ఏ తేదీలో, ఎవరు చెప్పినదానికి తేడా వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో మాట్లాడినా, దాన్ని మెయిల్‌లో మళ్లీ రాసి పంపండి. పాత హెచ్‌ఆర్ మారిపోయి ‘ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు’ అని జవాబిచ్చిన సందర్భాల్లో, పీఎఫ్ పాస్‌బుక్ ఒక్కటి జతచేస్తే చాలాసార్లు విషయం అక్కడితో తేలిపోతుంది.