ప్రవేశ పరీక్షలో గణితం, తర్కం: సాధన చేయవలసిన తీరు

పట్టభద్రులు కాబోతున్న మన విద్యార్థులలో పలువురికి ఎం.బి.ఎ. చదవాలనే కోరిక ఉన్నది. కాని ప్రవేశ పరీక్షలో లెక్కలు ఉంటాయని తెలిసిన వెంటనే వారిలో సగం ఉత్సాహం చల్లబడిపోతుంది. ముఖ్యంగా ఇంటర్మీడియట్ నుండి గణితాన్ని విడిచిపెట్టిన ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులు ఇది తమకు అందని ఫలమని ముందుగానే నిశ్చయించుకుంటారు. సంతోష్‌నగర్, సైదాబాద్, చంపాపేట ప్రాంతాలలో తమ ఇంట మొదటిసారిగా డిగ్రీ వరకు వచ్చిన యువతీ యువకులు ఎందరో ఉన్నారు. ఒక సంవత్సరం వృథా అయితే దాని భారం ఎంతటిదో ఆ ఇంటివారికే తెలుసు. కాబట్టి ఈ భయంలో నిజమెంత, సాధన ఎట్లా చేయాలి అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మన రాష్ట్రంలో ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. ప్రవేశాలకై జరిగే పరీక్ష ఐసెట్. ఇందులో 150 నిమిషాలలో 200 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. విశ్లేషణా సామర్థ్యానికి 75, గణిత సామర్థ్యానికి 75, భాషా సామర్థ్యానికి 50 మార్కులు. అనగా నాలుగింట మూడు వంతుల మార్కులు గణితం, తర్కం మీదనే ఆధారపడి ఉన్నాయి. సమానమైన మార్కులు వచ్చినవారికి ర్యాంకు నిర్ణయించేటప్పుడు సైతం ముందుగా విశ్లేషణా విభాగపు మార్కులనే చూస్తారు.

అయితే ఈ గణితం పాఠశాలలో నేర్చినదే. శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలము-పని, సగటు, సులభ సమీకరణాలు మొదలైనవే ఇందులో అధికం. లెక్కిస్తే ఒక్కొక్క ప్రశ్నకు లభించే కాలం 45 సెకనులు మాత్రమే. కనుక కష్టం గణితంలో లేదు. ప్రశ్నను సరిగా చదివి, ఏ మార్గాన పోవాలో త్వరగా నిర్ణయించుకోవడంలో ఉన్నది.

ఒక ఉదాహరణ చూడండి. లాడ్ బజారులో ఒక వర్తకుడు 100 రూపాయలకు కొన్న గాజులకు 25 శాతం పెంచి ధర వేసినాడు. తరువాత ఆ ధరపై 20 శాతం తగ్గించి అమ్మినాడు. అతనికి లాభమెంత? తొందరపడినవారు 25 నుండి 20 తీసివేసి 5 శాతమని గుర్తిస్తారు. కాని ధర 125 అయినది, 125లో 20 శాతం 25. మిగిలినది 100. వర్తకునికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మొదటి శాతం 100 మీద, రెండవది 125 మీద లెక్కకు వచ్చినవి. శాతం అనగానే ‘దేని మీద?’ అని ప్రశ్నించుకునే అలవాటు ఉంటే ఈ పొరపాటు జరగదు.

మరొకటి. చార్మినార్‌పై 1889లో అమర్చిన గడియారాలను మనం నిత్యం చూస్తూనే ఉంటాము. మూడు గంటల పదిహేను నిమిషాలకు రెండు ముళ్ళ మధ్య కోణమెంత? రెండు ముళ్ళూ మూడు అంకె మీదనే ఉంటాయి కదా, కోణం సున్న అనిపిస్తుంది. కాని గంటల ముల్లు కూడా నిలిచి ఉండదు. నిమిషానికి అర డిగ్రీ చొప్పున అది 15 నిమిషాలలో ఏడున్నర డిగ్రీలు ముందుకు సాగుతుంది. అదే సమాధానం.

విశ్లేషణా విభాగంలో 20 ప్రశ్నలు దత్తాంశాల పర్యాప్తతకు సంబంధించినవి. ఇక్కడ సమాధానం కనుగొనడం కాదు, ఇచ్చిన సమాచారం చాలునా చాలదా అని తేల్చడమే పని. ఉదాహరణకు, ఒక సంఖ్య ఎంత? మొదటి వాక్యం: దాని వర్గం 9. రెండవ వాక్యం: దాని ఘనం 27. మొదటి వాక్యం ప్రకారం ఆ సంఖ్య 3 కావచ్చు, ఋణ 3 కూడా కావచ్చు. కనుక అది చాలదు. రెండవ వాక్యం ఒక్కటే చాలును. నిర్వహణ శాస్త్రానికి ఇటువంటి ప్రశ్న ఎందుకని కొందరు అడుగుతారు. తన ముందున్న సమాచారం నిర్ణయానికి సరిపోతుందా అని తెలుసుకోవడమే నిర్వాహకుని నిత్యకృత్యం కదా!

తెలుగులోనో ఉర్దూలోనో చదివినందువలన వెనుకబడినామని మరికొందరి దిగులు. తెలుగువారి నిష్పత్తినే ఉర్దూలో నిస్బత్ అంటారు. మాటలు వేరైనా లెక్క ఒక్కటే. 9వ శతాబ్దపు మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. భాస్కరాచార్యుని లీలావతిని అక్బరు ఆస్థాన కవి ఫైజీ 1587లో పారసీకంలోనికి అనువదించినాడు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాలలో గణితాన్ని ఉర్దూలోనే బోధించినది. కనుక గణితం మన భాషలకు కొత్త కాదు. పరీక్షలో ఎదురయ్యే ఇంగ్లీషు పదాలను మాత్రం మాతృభాషా పదాల ప్రక్కన వ్రాసుకొని నేర్చుకోవాలి.

ఇక సాధన విషయం. ఎన్ని ప్రశ్నలు చేసినామన్నదానికంటె తప్పిన ప్రశ్నల నుండి ఏమి నేర్చినామన్నదే ముఖ్యం. ఒక నోటు పుస్తకంలో తప్పులను మూడు వరుసలుగా వ్రాయండి. విషయం తెలియక చేసినవి, తొందరగా చదివి చేసినవి, సమయం చాలక విడిచినవి. మొదటి రకానికి మందు పాఠ్య పుస్తకం. రెండవ రకానికి మందు ప్రశ్నలోని చివరి వాక్యాన్ని మరొకసారి చదవడం. మూడవ రకానికి మందు గడియారం ముందుంచుకొని చేసే అభ్యాసం. అయితే మొదటి వారాలలో గడియారం చూడకుండా పద్ధతిని నేర్చుకొని, అటుతరువాతనే వేగం పెంచాలి. పద్ధతి రాకముందే వేగానికి పోయినవారు ఒకే తప్పును త్వరత్వరగా చేయడం నేర్చుకుంటారు.

పరీక్ష నాడు చిక్కుపడిన ప్రశ్న దగ్గర ఆగిపోక ముందుకు సాగి, చివరలో తిరిగి రావాలి. ఐసెట్‌లో తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు, కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువరాదు. ఐ.ఐ.ఎం.లకై వ్రాసే క్యాట్ పరీక్షలో మాత్రం ఐచ్ఛిక సమాధానాల ప్రశ్న తప్పితే ఒక మార్కు పోతుంది. ఐసెట్‌లో మేలు చేసిన ఊహ అక్కడ కీడు చేయవచ్చు. కావున నిబంధనలు చదవడం కూడా సాధనలో భాగమే.

కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. వేల రూపాయల శిక్షణ రుసుము చెల్లించలేని విద్యార్థులకు తరగతుల అనంతరం ఒక గది, ఒక నల్లబల్ల, పాత ప్రశ్న పత్రాల కట్ట లభిస్తే చాలు. ఒకరి తప్పును మరొకరు సరిదిద్దుకొనగలరు. విద్యార్థి మిత్రులారా! రేపటి కొరకు వేచి ఉండక, ఈ సాయంకాలమే పది లెక్కలు చేయండి. తప్పినవాటిని దాచుకొనక వ్రాసి ఉంచుకోండి. మీ ప్రగతి ఆ పుటలలోనే కనిపిస్తుంది.