ఆర్గన్ ఊరు మారాలంటే

మన్యంలోని గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల చర్చిలకు హార్మోనియం కొత్త కాదు. తిత్తి ఊదుతూ మెట్టు నొక్కితే గాలి లోపలి రేకును కదిలించి స్వరం పలికిస్తుంది. పైప్ ఆర్గన్‌లోనూ పలికించేది గాలే. కాకపోతే అందులో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం, ఒక్కో రకం నాదానికి ఒక్కో వరస గొట్టాలు ఉంటాయి. పెన్సిలంత గొట్టం పక్కనే పదహారడుగుల గొట్టం ఉండొచ్చు. అలాంటి ఆర్గన్‌ను ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చడమంటే చర్చి కట్టడంలో ఒక భాగాన్ని విప్పి తీసుకెళ్లడమే.

అయినా మారుస్తున్నారు. పాశ్చాత్య దేశాల్లో చర్చిలు మూతపడుతున్నకొద్దీ పాత ఆర్గన్లు చవగ్గా, ఒక్కోసారి ఉచితంగా కూడా దొరుకుతున్నాయి. 1870లో అమెరికాలోని వోబర్న్‌లో ఒక చర్చి కోసం హుక్ సోదరులు చేసిన ఆర్గన్, ఆ చర్చి మూతపడ్డాక బెర్లిన్‌లోని హోలీ క్రాస్ చర్చికి చేరింది. 2001 నుంచి అక్కడ పలుకుతోంది.

విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, కొలిచి, గుర్తు వేయాలి. తగరం, సీసం కలిపిన గొట్టాలు మెత్తనివి. సరైన ఆధారం లేకపోతే సొంత బరువుకే వంగిపోతాయి, మూతి దగ్గర చిన్న నొక్కు పడినా నాదం మారిపోతుంది. కొత్త చోట బిగించాక, ఆ హాలు ప్రతిధ్వనికి తగ్గట్టు గొట్టాలను ఒక్కొక్కటిగా సరిచేయాలి.

ఇంతకన్నా పెద్ద చిక్కు తేమ. చలిదేశపు కొయ్య మన్యం వానలకు ఉబ్బితే, మెట్టు వదిలినా స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. వేసవిలో అదే కొయ్య బీటలిచ్చి గాలి కారిపోతుంది. చెదల బెడద సరేసరి.

ఈ చిక్కుకు ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ చర్చి వెదురుతో జవాబు చెప్పింది. ఫాదర్ దియేగో సెరా 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తిచేసిన ఆర్గన్ అది. 1,031 గొట్టాల్లో 902 వెదురువే. పురుగు పట్టకుండా ఆ బొంగులను ముందు ఇసుకలో పాతిపెట్టారు. భూకంపాలకు, తుపాన్లకు దెబ్బతిన్న ఆ ఆర్గన్‌ను 1973లో మరమ్మతు కోసం జర్మనీలోని బాన్ నగరానికి, క్లైస్ సంస్థకు పంపారు. అక్కడ దాని కోసం ఫిలిప్పీన్స్ వేడినీ తేమనూ నిలిపే గది ఒకటి సిద్ధం చేశారు. 1975లో అది క్షేమంగా ఇల్లు చేరింది.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ చర్చి బాలల గాయక బృందంలో పెరిగిన ఒక యువకుడు ఐరోపాలో పని నేర్చుకుని వచ్చి, ఆర్గన్లు చేసే, బాగుచేసే సంస్థను 1994లో సొంత గడ్డ మీదే స్థాపించారు. మన కొండల చర్చి ఏదైనా పాత ఆర్గన్ తెచ్చుకోవాలనుకుంటే, ఓడ కిరాయి లెక్క వేసుకునేలోపే ఇద్దరు సవర, జాతాపు యువకులను ఆ పని నేర్చుకోవడానికి పంపాలి. వెదురు కోయడం, ఎండబెట్టడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.