ఆప్తవాక్యము: ఎవరి మాట ప్రమాణము?



జ్ఞానము కలుగు ద్వారములను మన పెద్దలు ప్రమాణములనిరి. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు చెప్పిరి. మన కోసిగికి సమీపమున, మంత్రాలయములో 1671లో బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారి మధ్వ సంప్రదాయము ప్రత్యక్షము, అనుమానము, ఆగమము అని మూడింటినే అంగీకరించును. లెక్కలో భేదమున్నను, ఎరిగినవాని మాట వలన జ్ఞానము కలుగునను విషయమున ఉభయులకు వివాదము లేదు. చార్వాకులు మాత్రము కంటికి కనబడినదే నిజమనిరి. తాను పుట్టిన దినమును పెద్దలు చెప్పగా వినక, స్వయముగా చూచి తెలిసికొన్న చార్వాకుడెవడో మాకు తెలియదు!

అయితే ఆ ఎరిగినవాడెవడు? న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు ఆప్తునికి లక్షణము చెప్పినాడు. విషయమును సాక్షాత్తుగా ఎరిగి యుండవలెను. ఎరిగినదానిని ఉన్నదున్నట్లు తెలుపవలెనను కోరిక యుండవలెను. ఈ లక్షణము ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేననియు ఆయనే స్పష్టము చేసినాడు. కులము, వేషము, పేరుప్రతిష్ఠలు ఇందు చేరలేదు. వేదాంతమున ఆప్తుడైనవాడు వైద్యమునను ఆప్తుడు కానక్కరలేదు. ఈ వేదికపై ప్రవచనము చెప్పు మాకును ఇది వర్తించును.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు, మన మెట్టపొలములలో ప్రాణముతో ముడిపడిన సంగతి. రాత్రివేళ నేలపై నిద్రించువానిని కట్లపాము కరచినచో నొప్పి అంతగా ఉండదు, గాటు సైతము కనబడకపోవచ్చును. ప్రత్యక్షము "ఏమియు లేదు" అని చెప్పుచుండగనే కనురెప్పలు వాలును, మాట ముద్దయగును, ఊపిరి ఆడదు. ఇక మన అనుమానమో? "ఫలానా మంత్రగాడు పదిమందిని బ్రతికించెను" అందుము. పాములలో విషము లేనివే హెచ్చు. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషమెక్కదు. అట్టివారు తంతు జరుపకున్నను బ్రతికెడివారే. బ్రతికినవారిని మంత్రగాని లెక్కలోను, పోయినవారిని విధి లెక్కలోను వ్రాయుట మన అలవాటు. తర్కమున దీనిని అన్యథాసిద్ధమందురు. కుమ్మరి గాడిద మట్టి మోసినంత మాత్రమున కుండకు కారణము కాదు గదా!

వైద్యుడు రోగి రక్తమును గాజుగొట్టమున పోసి ఇరువది నిమిషములు కదల్పక యుంచును. గడ్డకట్టనిచో పింజరి విషమని అనుమానించును. కట్లపాము విషము ఈ పరీక్షకు చిక్కదు. కనురెప్పలను, ఊపిరిని గమనింపవలెను. గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాటి రక్తమునుండి తీసిన మందు నాగుపామునకు, కట్లపామునకు, రక్తపింజరికి, చిన్నపింజరికి విరుగుడు. వీనిలో ఏదియు మనము స్వయముగా పరీక్షించినది కాదు. వైద్యుని మాటనే నమ్ముచున్నాము. అయినను అది గ్రుడ్డినమ్మకము కాదు. ఆయన చెప్పినదానిని ఇంకొక వైద్యుడు పరీక్షింపగలడు. పూర్వము వైద్యులే గాటు కోయుమనిరి, పైన త్రాడు బిగించుమనిరి. వాని వలన కీడే హెచ్చని తేలగా నేడు రెండును వలదనుచున్నారు. మాట మార్చిరని వారిని ఆక్షేపించువారు కలరు. మార్చుకొనగలుగుటయే మాకు వారియందు విశ్వాసము కలిగించుచున్నది.

పాము కరచినవారిని ఆలయమునకు తెచ్చి తీర్థమడుగువారు గలరు. తీర్థమునకై ఒక్క నిమిషమైనను ఆగరాదు. కరచిన అవయవమును కదలనీయక, ఏమియు కోయక, బిగించి కట్టక, 108 వాహనమును పిలిచి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఇంటికి క్షేమముగా తిరిగి వచ్చిన పిమ్మట స్వామి సన్నిధికి తీసికొని రండు.