305లో సున్న ఎందుకు?

రెండో తరగతి పిల్లల్ని ‘మూడువందల ఐదు’ రాయమంటే 3005 అని రాసేవాళ్లు తక్కువేం కాదు. మనకు విసుగొస్తుంది గానీ, వాళ్ల లెక్క వాళ్లకుంది. విన్నది విన్నట్టే రాశారు: ముందు 300, పక్కన 5. నోటితో సంఖ్యను విడదీసి పలుకుతాం, కాగితం మీద కుదించి రాస్తాం. ఆ రెంటికీ మధ్య మెట్టు విస్తరణ రూపం: 300 + 5.

అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో ఇది రెండో తరగతి పాఠం, వెయ్యి వరకు. అయితే వర్క్‌షీటు నిండినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు. 425 = 400 + 20 + 5 అని వరసగా రాసుకుపోయే పిల్లకి అంకెల వెనక సున్నలు తగిలించడం ఒక్కటే వచ్చి ఉండొచ్చు. 5 + 400 + 20 ఎంత అని తిరగేసి అడగండి. 542 అంటే పాఠం మళ్లీ మొదలుపెట్టాలి.

అందుకు అట్టముక్కలు చాలు. మాంటిస్సోరి బడుల్లో ఒకట్లు ఆకుపచ్చ, పదులు నీలం, వందలు ఎరుపు రంగులో రాస్తారు. ఒకట్ల అట్ట ఒక్క అంకె పట్టేంత, పదులది దానికి రెట్టింపు, వందలది మూడింతలు. 400 మీద 20, దానిమీద 5, కుడి అంచులు కలిసేలా పేర్చితే పైకి 425 కనిపిస్తుంది. పై అట్టలు ఎత్తితే సున్నలన్నీ కిందే ఉంటాయి. ఇప్పుడు 305 పేర్చమనండి. పదుల అట్ట లేదు కాబట్టి 300లోని నడిమి సున్న అలాగే బయటికి కనబడుతుంది. ఆ సున్న ఎందుకుందో పిల్లకి ఇక వేరే చెప్పక్కర్లేదు.

నా మటుకు అసలు పరీక్ష తీసివేతలో ఉంది. 403లోంచి 178 తీసెయ్యాలి. మూడులోంచి ఎనిమిది పోదు, పక్కనేమో సున్న. అక్కడ అప్పెలా పుడుతుంది? 400 + 3ని 300 + 90 + 13గా మార్చుకుంటే చిక్కే లేదు. అందులోంచి 100, 70, 8 తీసేస్తే మిగిలేది 200 + 20 + 5, అంటే 225. పుస్తకంలో ఉన్న ఒక్క తీరునే కాక, సంఖ్యను అవసరాన్నిబట్టి విడగొట్టడం వచ్చిన పిల్లకే స్థాన విలువ వచ్చినట్టు. గుణకారానికీ ఇదే దారి: 24ను ఆరుతో హెచ్చవేయాలంటే 120 + 24.

పెద్ద సంఖ్యల దగ్గర అమెరికాలో పెరిగే మన పిల్లలకి ఇంకో తిరకాసుంది. ఇండియా నుంచి తాతయ్య ఫోన్లో లక్షల్లో మాట్లాడతారు, బళ్లో మిలియన్లు నేర్పుతారు. ఇక్కడ 1,234,567 అని రాసేదాన్నే అక్కడ 12,34,567 అని రాస్తారు. కామాలు జరిగాయి తప్ప ఏ అంకె విలువా మారలేదు. నాలుగో తరగతి వచ్చాక, తాతయ్య చెప్పిన పన్నెండు లక్షల్ని ఒక మిలియనుగా, రెండువందల వేలుగా విడదీసి ఆయనకే తిరిగి చెప్పమనండి.