కిలో లెక్కన పండుగ బట్టలు

పామర్రు మీదుగా ప్రయాణించిన వారికి అక్కడి కూడలి తెలిసే ఉంటుంది. విజయవాడ నుంచి మచిలీపట్నం పోయే రహదారిని గుడివాడ రోడ్డు కలిసే చోటు అది. చుట్టుపక్కల పల్లెల జనమంతా అక్కడే దిగుతారు కాబట్టి సంచార వ్యాపారులు గుడారం వేయడానికి ఆ పరిసరాలనే ఎంచుకుంటారు. రంజాన్ మాసం చివరి రోజుల్లో మేము అక్కడ ఆగింది ఖర్జూరాల కోసం. రోడ్డు పక్కన టార్పాలిన్ కింద బట్టల గుట్టలు, బల్ల మీద ఎలక్ట్రానిక్ కాటా, అట్టముక్క మీద ‘కిలో 250’ అన్న అక్షరాలు కనిపించాయి. అన్నీ వాడిన బట్టలే.

మాతో ఉన్న ఖాలా ముఖం తిప్పుకున్నారు. “ఎవరు తొడిగి విడిచినవో! పండుగకు పిల్లలకు అవా?” అన్నారు. పావుగంట గడిచేసరికి ఆమే గుట్టలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతున్నారు. పసిపిల్లల గౌను ఒకటి నూట యాభై గ్రాములకు మించి తూగదు. అంటే కిలోకు ఆరు గౌన్లకు పైనే వస్తాయి. జీన్స్ ప్యాంటు మాత్రం ఒక్కటే అర కిలో దాటుతుంది. తూకానికి కొనేవారు పలుచని నూలు బట్టలను ఏరుకోవడంలోనే లాభం ఉంది. ఈ లెక్క ఖాలాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఆమె మొదటి సందేహం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. పరుల బట్టలతో నమాజు చెల్లుతుందా అని చాలామంది అడుగుతుంటారు. హనఫీ ధర్మవేత్తల దృష్టిలో వాడిన బట్ట మూలతః పాక్. నజాసత్ ఉన్నట్లు తెలిసినప్పుడే అది నాపాక్ అవుతుంది. కనిపించే మలినాన్ని అది పోయేదాకా కడగాలి. కనిపించనిదైతే మూడుసార్లు ఉతికి, ప్రతిసారీ పిండాలి. ప్రాణుల బొమ్మలున్న దుస్తులతో నమాజు చేయడం మక్రూహ్ కనుక అటువంటివి పక్కన పెట్టడం మేలు. ఇక పండుగ మాట. ఈద్ నాడు ఉన్నవాటిలో మంచివి ధరించాలే తప్ప, కొత్తవే కొనాలన్న నిబంధన షరీఅత్‌లో లేదు. అప్పు చేసి కొత్త బట్టలు కుట్టించే ఆచారం మనం పెట్టుకున్నది.

గుట్ట అడుగున చేయి పెట్టిన ఖాలా ఆగిపోయారు. బట్టలు చెమ్మగా ఉన్నాయి.

“రాత్రి మంచుకు తడిశాయమ్మా,” అన్నాడు దుకాణం కుర్రవాడు.

“తడి బరువుకు కూడా మేమే డబ్బివ్వాలా నాయనా? ముందు ఎండలో వెయ్యి,” అన్నారామె.

అతను నొచ్చుకోకుండా తాడు కట్టి బట్టలు ఆరవేశాడు. కాటా మీది ప్లాస్టిక్ బుట్ట బరువు తీసి, అంకె సున్నాకు తెచ్చాకే తూచమని కూడా ఆమె పట్టుబట్టారు. మాకు ఆ క్షణాన ‘సహీహ్ ముస్లిం’లోని హదీసు స్ఫురించింది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసినది జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడన్నారు. తూకంలో కోత పెట్టేవారికి హెచ్చరికగా దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా, ‘అల్ ముతఫ్ఫిఫీన్’, ప్రారంభమవుతుందన్న సంగతి పాఠకులు ఎరిగినదే.

బట్టల విషయంలో ఆదేశం మరింత సూటిగా ఉంది. అజ్ఞాన కాలపు అరబ్బుల సంతల్లో మడతపెట్టిన బట్టను చేత్తో తాకితే చాలు, అమ్మకం ఖాయమయ్యేది. విప్పి చూసే వీలుండేది కాదు. దానిని ‘ములామసా’ అనేవారు. ఒకరి వైపు ఒకరు బట్టలు విసురుకుని, చూడకుండానే మార్చుకునే బేరం ‘మునాబజా’. ఈ రెండింటినీ దైవప్రవక్త (స) నిషేధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ తెలుపుతున్నాయి. గుట్ట ముందు నిలబడి ప్రతి గౌనునూ వెలుతురుకు ఎత్తి చూసే స్త్రీ తన హక్కునే వాడుకుంటోంది. విసుక్కునే వర్తకులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ కుర్రవాడు విసుక్కోలేదు. పైగా తన బాధ చెప్పాడు. “మీరు విప్పి చూసి కొంటున్నారమ్మా. మాకు మూట కట్టిందే ఇస్తారు. సగం చిరుగులే వచ్చినా తిరిగి తీసుకోరు.” చూడకుండా కొన్న సరుకును చూశాక తిరస్కరించే హక్కు కొనుగోలుదారుకు ఉంటుందని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. దాని పేరు ‘ఖియారె రూయత్’. ఆ హక్కు ఈ కుర్రవాని దాకా రాలేదు.

వాడిన బట్టల వ్యాపారం ప్రపంచమంతటా మూటల మీదే నడుస్తోంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ‘గుడ్‌విల్’ దుకాణాల గురించి చెబుతుంటారు. 1902లో బోస్టన్ నగరంలో ఎడ్గర్ హెల్మ్స్ అనే క్రైస్తవ బోధకుడు ఆ సంస్థకు పునాది వేశారు. సంపన్నుల ఇళ్ళ నుంచి పాత వస్తువులు సేకరించి, పేదలకు పని కల్పించి, వారి చేత బాగుచేయించి అమ్మించారు. ఇప్పుడు దుకాణాల్లో మిగిలిపోయిన వాటిని ఔట్‌లెట్లలో పెద్ద తొట్లలో పోసి పౌను లెక్కన, అంటే సుమారు 454 గ్రాముల చొప్పున అమ్ముతున్నారు. అటువంటి దేశాల్లో ఎవరూ కొననివి మూటలుగా ఓడలెక్కుతాయి. కొన్ని ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో బజారుకు చేరతాయి. కొన్ని గుజరాత్‌లోని కాండ్లాకు వస్తాయి. హర్యానాలోని పానిపట్‌లో పనికిరాని ఉన్ని దుస్తులను పీచుగా చీల్చి, మళ్ళీ నూలు వడికి, చవక దుప్పట్లు నేస్తారు. విపత్తుల వేళ పంచే దుప్పట్లలో అవి కూడా ఉంటాయి.

విపత్తు అనగానే మాకు సిగ్గుపడవలసిన సంగతి ఒకటి గుర్తొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేమూ ఇంటింటికీ తిరిగి బట్టలు పోగుచేశాం. మూటలు విప్పి చూస్తే గుండీలు లేని చొక్కాలు, రంగు వెలిసిన పరికిణీలు, సాగిపోయిన బనియన్లు బయటపడ్డాయి. మా ఇంటి మూట కూడా అందుకు భిన్నంగా లేదు. కళ్ళు మూసుకుంటే తప్ప మీరే పుచ్చుకోని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వకండన్న భావం ‘అల్ బఖరా’ సూరా 267వ ఆయతులో ఉంది. మేము దాన్ని ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పామర్రు గుట్టలో ఆ మూట కలిపి ఉంటే ఖాలా అందులోంచి ఒక్కటైనా తీసుకునేవారా?

దానం పుచ్చుకునేవారికి ఏరుకునే అవకాశం ఉండదు. డబ్బిచ్చి కొనేవారికి ఆ గౌరవమైనా దక్కుతుంది. గుట్ట దగ్గర మా పక్కనే ముగ్గురు పిల్లల తల్లి ఒకామె మూడు గౌన్లు ఎంచి, తూకం వేయించి, ఒకటి వెనక్కి పెట్టి, చేతిలోని డబ్బు చూసుకుని మళ్ళీ తీసుకుంది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఖాలా కొన్నవి ఏడు గౌన్లు, కిలోకు కొంచెం ఎక్కువ. ఇంటికి వచ్చాక మూడు నీళ్ళలో ఉతికి ఆరవేశారు. దైవప్రవక్త (స) తన బట్టలు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన మాట తలచుకుంటూ, తరావీహ్ తర్వాత ఊడిన గుండీలు కుట్టడానికి కూర్చున్నారు. రెండు గౌన్లు వేరుగా మడిచి పెట్టారు. ఎవరికని అడిగితే, “ఈ రెంటికీ ఒక్క చిరుగూ లేదు. ఫిత్రాతో పాటు పక్క వీధికి పంపుదాం,” అన్నారు.