జాగిలము మన యింట నుండవలెనా?

గోదావరిఖని, రామగుండము ప్రాంతములందు కాపురముండు సోదరీమణులకు పోలీసు జాగిలము క్రొత్తది కాదు. పెద్దల సభ జరుగునప్పుడు వేదిక చుట్టును, రైలుస్టేషనులో మూటల నడుమను, దొంగలు పడిన యింటి గుమ్మము కడను దానిని చూచియే యుందురు. సింగరేణి గనులలో బొగ్గును పగులగొట్టుటకు మందుగుండు నిత్యము కావలసిన వస్తువు. ప్రక్కనే ఎన్.టి.పి.సి. వారి 2,600 మెగావాట్ల విద్యుత్కేంద్రము, దానికి కావలిగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము. 1980, 1990 దశకములలో ఈ బొగ్గుపట్టీ నక్సలైటు పోరాటమునకును పోలీసు చర్యలకును నెలవై యుండుటయు మన పెద్దలు మఱచినది కాదు. ఇట్టి చోట మందుగుండు వాసన పసికట్టు జాగిలమునకు పని కొదువ యుండదు.

అయితే పని ముగిసిన పిమ్మట ఆ జాగిలము ఎచ్చటికి పోవును? దానికి కూడు పెట్టువారెవరు? జబ్బుపడిన నాడు కనిపెట్టి యుండువారెవరు? మగవారి సంగతి యని మనము విడిచిపెట్టిన యీ ప్రశ్న, కొంచెము లోతుగా చూచినచో, మన వంటయింటి గడపదాక వచ్చుచున్నది.

మన దేశమున పోలీసు జాగిలములు సాధారణముగా ఆయా దళముల కార్యస్థానములందలి కెన్నెళ్లలో నుండును. తెలంగాణ పోలీసు జాగిలములకు హైదరాబాదు చెంత మొయినాబాదు శిక్షణాలయమున సుమారు ఎనిమిది మాసములు శిక్షణ యిత్తురు. కుక్కపిల్లయు, దానిని నడుపు హ్యాండ్లరును అచ్చట కలిసియే చదువుకొందురని చెప్పవచ్చును. ఒకరి విద్య రెండవవారు లేనిది పనికిరాదు. కేంద్ర దళముల కొఱకు గ్వాలియరు సమీపమున టేకన్‌పూరులో సరిహద్దు భద్రతా దళము వారు 1970లో నెలకొల్పిన జాతీయ శిక్షణకేంద్రము కలదు. శిక్షణలో ఇంత దగ్గఱయైన యీ జంట, ఉద్యోగమున చేరిన పిదప రాత్రి కాగానే విడిపోవును. హ్యాండ్లరు తన క్వార్టరునకు పోవును, జాగిలము తన కటకటాల గదికి పోవును.

ఇంగ్లండులో అట్లు కాదు. అచ్చట పోలీసు జాగిలము హ్యాండ్లరు ఇంటనే యుండుట వాడుక. అమెరికాలో విమానాశ్రయములను కాచు రవాణా భద్రతా శాఖ వారి జాగిలములును హ్యాండ్లర్ల యిండ్లలోనే కాపురము చేయును. పగలంతయు ప్రయాణికుల పెట్టెలు వాసన చూచి, సాయంకాలము ఇంటివారి నడుమ పండుకొనును. ఇంటి గారాబముచేత వాని పనితనము చెడిపోవునను భయము మనవారిలో కొందఱికి కలదు గాని, ఇన్నేండ్ల ఆ దేశముల అనుభవము దానికి ఊతమీయదు.

2016 అక్టోబరులో ఇంగ్లండులోని స్టీవెనేజి పట్టణమున ఫిన్ అను జాగిలము తన హ్యాండ్లరు డేవ్ వార్డెలుతో కలిసి ఒక నిందితుని వెంటాడుచు కత్తిపోట్లకు గురియైనది. ఱొమ్మునను తలమీదను గాయములు తగిలినవి. బ్రతుకుట సందేహమనుకొన్న ఆ ప్రాణి శస్త్రచికిత్స తరువాత కోలుకొని మరల ఉద్యోగమున చేరినది. చిత్రమేమనగా, జాగిలమును పొడిచిన నేరము నాటికి ఆస్తినష్టము క్రిందనే లెక్కకు వచ్చెడిది. కిటికీ అద్దమును పగులగొట్టినను అదియే నేరము. వార్డెలు పట్టువిడువక ప్రయత్నింపగా 2019లో సేవాజంతువుల రక్షణకు చట్టము వచ్చినది. జనులు దానిని ఫిన్ చట్టమనియే పిలుచుచున్నారు. తన యింట పెరిగిన ప్రాణి గనుకనే ఆయనకు అంత పట్టుదల కలిగెనని నేననుకొందును. మనకును ఇట్టి న్యాయవిచారము క్రొత్త గాదు. ఋగ్వేదమున పణులు దాచిన గోవుల జాడ తీసిన దేవశుని సరమ, నన్నయగారి భారతమున ఆదిపర్వారంభముననే, తప్పు చేయని తన కొడుకును జనమేజయుని తమ్ములు కొట్టిరని రాజునే నిలదీసినది. జాడ తీయుటకును న్యాయమడుగుటకును మన సాహిత్యమున ఆ తల్లియే మొదటిది కాబోలు.

ఇక మన బొగ్గుపట్టీకి వత్తము. ఇంగ్లండులోని పెరడు వేఱు, ఇచ్చటి రెండు గదుల క్వార్టరు వేఱు. అన్నిటికంటె పెద్ద చిక్కు ఎండ. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటచేతనే వేడిని పోగొట్టుకొనును. దాని సహజమైన యొడలి వేడియే ఫారన్‌హీటు లెక్కను 101, 102 డిగ్రీలుండును. రామగుండమున వేసవిలో ఎండ 45 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుట కలదు. దట్టమైన బొచ్చుగల జర్మన్ షెపర్డును మిట్టమధ్యాహ్నము రేకుల పంచలో కట్టివేయుట దానిని పొయ్యిమీద పెట్టుటతో సమానము. రొప్పు ఆగక, చిగుళ్లు మిక్కిలి యెఱ్ఱబడి, నడక తూలినచో వడదెబ్బయని తెలిసికొనవలెను. వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి, ఫ్యాను క్రింద నుంచి, పశువైద్యునికి కబురుచేయవలెను. ఆయన వచ్చుదాక తడుపుట మానరాదు. కాబట్టి ఇంట నుంచదలచిన వారు మొదట చూడవలసినది గాలియాడు చల్లని గది కలదా యని. అది లేని యింట ప్రేమ యెంత యున్నను లాభము లేదు.

తరువాతి చిక్కు మన వంట. మన కూరలో, పులుసులో ఉల్లి లేనిది అరుదు. ఆ యుల్లియు వెల్లుల్లియు కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను నాశనము చేయును. పాయసములోని కిస్‌మిస్ దాని మూత్రపిండములను చెఱచును. చాక్లెటు విషము. ఉడికిన కోడియెముకలు చీలి ప్రేగులను చీల్చును. మిగిలిన అన్నముకూర కలిపి పెట్టుట మన చేతులకు అలవాటైన దయ. ఈ యతిథి విషయమున ఆ దయను కట్టిపెట్టవలెను. శాఖవారు నియమించిన తిండి తప్ప మఱేదియు పెట్టరాదని ఇంటి పెద్దలకును పిల్లలకును చెప్పియుంచవలెను.

పిల్లల సంగతి వేఱుగా చెప్పవలెను. మందుగుండు వాసన తగిలిన చోట ఈ జాగిలము మొరుగదు, గోకదు, నెమ్మదిగా కూర్చుండును. దాని బహుమానము పలుమాఱు ఒక చిన్న బంతి. ఆ బంతికొఱకే అది దినమంతయు శ్రమించును. ఇంట పిల్లవాడు సాయంకాలమంతయు ఊరక బంతి విసరుచుండిన, మఱునాడు పనిలో దాని విలువ యేమి మిగులును? ఆ బంతి హ్యాండ్లరు చేతిలోనే యుండవలెను. నులిపురుగుల మందు, పిడుదుల నివారణ, వెఱ్ఱికుక్క వ్యాధి టీకా వేళకు జరుగవలెను. కుక్క మలములోని పురుగుగ్రుడ్లు పసిబిడ్డలకు హాని చేయును. ఎట్టి కుక్క యైనను పన్ను నాటినచో గాయమును సబ్బుతో పారుచున్న నీట పదునైదు నిమిషములు కడిగి ఆస్పత్రికి పోవలెను. మన యింటి కుక్కయే గదా యని యూరకుండరాదు.

మడి పాటించు అత్తగారి మాట నేను చెప్పనక్కఱ లేదు. కాలభైరవునకు వాహనము శునకమే యని నచ్చజెప్పి చూడవచ్చును. ఆమె భైరవుని గుడికి పంపుమనక మానదు!

ఇన్ని పనులును చెప్పితిని గదా, వీనిని చేయునది యెవరు? ఉత్తరువు వచ్చిననాడు హ్యాండ్లరు పేరిట వచ్చును. తెల్లవారుజామున మొదటి షిఫ్టువారు బాయికి పోవు వేళ జాగిలమును నడిపించునది ఆయనయే కావచ్చును. కాని గిన్నె కడుగుట, రాలిన బొచ్చు ఊడ్చుట, బొగ్గుదుమ్ము పట్టిన పడక నుదుకుట, ఆయన జ్వరముతో పడిన దినమున దానిని వెలుపలికి కొనిపోవుట, పెండ్లికి పుట్టింటికి పోవలసినప్పుడు ఇంట ఎవరుందురని తర్కించి తుదకు తానే నిలిచిపోవుట — ఇవి యెవరి పాలబడునో నా పాఠకురాండ్రకు వివరింప పనిలేదు. బిడ్డ నెత్తుకొని, పాలు పొంగకుండ చూచుకొనుచు, సర్కారు జాగిలమునకు నీరు పోయునది ఇల్లాలు. ఆమెకు నియామకపత్రము లేదు, జీతము లేదు, సెలవు అంతకంటె లేదు.

అమెరికాలో ఈ లెక్క కొంతవఱకు తేలినది. వర్జీనియా రాష్ట్రమున స్పాట్సిల్వేనియా కౌంటీకి చెందిన ఒక హ్యాండ్లరు, ఇంట జాగిలమును సాకుటకు తనకు పట్టిన కాలమునకు కూలి యిప్పింపుమని వ్యాజ్యము వేయగా, అదియు ఉద్యోగములో భాగమే యని 1992లో న్యాయస్థానము తీర్పిచ్చినది. మంచి తీర్పు. అయినను లెక్కకు వచ్చినది ఉద్యోగి గడియలే గాని, గిన్నె కడిగిన చేయి ఎవరిదని అడిగినవారు లేరు.

నన్నడిగినచో, హ్యాండ్లరును విడిచి యుండుటకంటె అతనితో నుండుటయే జాగిలమునకు సుఖము. కాని బొగ్గుపట్టీలోని యే క్వార్టరునకైనను దానిని పంపుటకు ముందు శాఖవారు ఆ యింటి ఇల్లాలిని పిలిచి, ఆమె సమ్మతి నడిగి, చల్లని గదియు, సాకుటకు ప్రతిమాసము కొంత భత్యమును ఏర్పఱుపవలెను. ఆ భత్యము ఆమె పేరిటనే యిచ్చుట న్యాయము. ఆమె వలదన్న, ఆ మాటవలన భర్త ఉద్యోగమునకు మచ్చ రాకూడదు. ఆమె ఒప్పుకొన్న యింటనే యీ యేర్పాటు నిలుచును. ఒప్పుకొనని యింట జాగిలమును సుఖపడదు, ఇల్లాలును సుఖపడదు.

ఇట్లు నేను జాగిలము పక్షమున మొగ్గుటకు ముఖ్యకారణము దాని ముసలితనము. పనిచేయు జాగిలము సుమారు ఎనిమిది, పదియేండ్ల వయసున విశ్రాంతి పొందును. అమెరికా సైన్యమున అట్టి జాగిలములను హ్యాండ్లర్లు పెంపకమునకు తీసికొనుటకు వీలు కల్పించు చట్టము 2000లో వచ్చినది. మన సైన్యమున పనికిరానివైన జాగిలములను మందిచ్చి చంపుచుండిరని 2015లో సమాచారహక్కు అర్జీవలన బయటపడగా దేశమంతయు కలత చెందినది. 2019 నవంబరులో ఢిల్లీ మెట్రోను కాచిన ఏడు జాగిలములకు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము వారు వీడ్కోలు సభ జరిపి, పతకములు వేసి, వానిని ఒక జంతుసంరక్షణ సంస్థకు అప్పగించిరి. ఆ దినమున అవి తమ హ్యాండ్లర్లను విడిచి తెలియని గుమ్మమునకు పోయినవి. మొదటినుండియు హ్యాండ్లరు ఇంటనే పెరిగిన జాగిలమునకు ఆ దినమున ఎక్కడికిని పోవలసిన పని యుండదు. మఱునాటి యుదయమునను అదే మూల, అదే గిన్నె, నీరు పోయు అదే చేయి.