మద్‌యన్‌లో పదేళ్లు

షవ్వాల్ నెలలో మదర్సాలో కొత్త విద్యార్థుల ప్రవేశాలు మొదలవుతాయి. పాత విద్యార్థులు పండుగ సలాములు చెప్పడానికి వచ్చేదీ ఆ నెలలోనే. ఈ ఏడాది అలా ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. చిన్నతనంలో మా దగ్గర నాజిరా చదివినవాడే. ఇప్పుడతనికి ఇరవై నాలుగేళ్లు. నాలుగేళ్లలో ఐదు పనులు మారాడు. ఏసీల మరమ్మతు నేర్చుకుందామని ఒక ఉస్తాద్ దగ్గర చేరి ఏడాదిన్నరకు మానేశాడు. తరువాత సెల్‌ఫోన్ల దుకాణం, ఆ పైన బట్టల షోరూం, ఆ పైన ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే పని, చివరికి ఒక బంధువుతో కలిసి జ్యూస్ బండి. ఆ బండి కోసం తల్లి చేతి గాజులు తాకట్టుకు వెళ్లాయి. బండి ఆగిపోయింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు.

"హజ్రత్, వీడి కాలు ఒక్క చోట నిలవాలని దుఆ చేయండి" అన్నది ఆ తల్లి. కుమారుడు తల వంచుకొని, "ఏం చేయను హజ్రత్, ఏ పనీ నా నసీబులో ఉన్నట్టు లేదు" అన్నాడు.

దుఆ చేశాం. కానీ అతని మాట మా మనసులో ములుకులా ఉండిపోయింది. పని కష్టంగా ఉన్నదంటే అది మన నసీబులో లేదని అర్థమా? ఈ ప్రశ్న ఆ ఒక్క యువకుడిది కాదు. నేడు మన ఇళ్లలో ఎందరో యువకుల నోట ఈ మాటే వినిపిస్తున్నది.

దివ్య ఖుర్ఆన్ 28వ సూరా అల్ ఖసస్‌లో హజ్రత్ మూసా (అ) యౌవనకాలపు వృత్తాంతం ఉన్నది. ఫిరౌన్ భవనంలో పెరిగిన ఆయన ప్రాణభయంతో ఈజిప్టును విడిచి మద్‌యన్ చేరుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు, తెలిసిన మనిషి లేడు. అక్కడ నీటి రేవు దగ్గర ఇద్దరు ఆడపడుచుల మందకు నీళ్లు తోడిపెట్టి, నీడన చేరి, ప్రభువు ఏ మేలు ప్రసాదించినా తాను దానికి అక్కరగలవాణ్ణేనని వేడుకున్నారు. ఆ వేడుకోలుకు లభించిన సమాధానం ఏమిటి? పదవి కాదు, సంపద కాదు. ఒక ఇల్లు, ఒక వివాహం, వాటితో పాటు ఎనిమిదేళ్ల కూలి ఒప్పందం. పదేళ్లు పూర్తి చేస్తే అది ఆయన మంచితనమని ఆ ఆడపడుచుల తండ్రి అన్నారు. మూసా (అ) అందులో ఎక్కువ గడువునే పూర్తి చేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) వివరించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది.

ఒక్కసారి ఆలోచించండి. రాజభవనంలో పెరిగిన యువకుడు పరాయి దేశంలో పరుల మందను పదేళ్లు మేపారు. అది తన అంతస్తుకు తగిన పని కాదని ఆయన అనలేదు. ఆ గడువు ముగిసి, కుటుంబంతో ప్రయాణమైన దారిలోనే తూర్ పర్వతం వైపు ఆయనకు అగ్ని కనిపించింది. అక్కడ అల్లాహ్ ఆయనను, నీ కుడిచేతిలో ఉన్నదేమిటని అడిగాడు. అది తన చేతికర్ర అని, దానిపై ఆనుకుంటానని, దానితో మేకలకు ఆకులు రాలుస్తానని మూసా (అ) విన్నవించుకున్నారు. అది పశుల కాపరి పనిముట్టు. అల్లాహ్ మహిమను చూపింది దానితోనే. తరువాత సముద్రంపై కొట్టమని ఆదేశించిందీ దానితోనే. పదేళ్లు ఓపికగా పట్టుకున్న పనిముట్టు వృథా కాలేదు.

మా ప్రియ ప్రవక్త ముహమ్మద్ (స) కూడా తాము మక్కావాసుల మేకలను కొద్దిపాటి కూలికి మేపిన సంగతిని దాచుకోలేదు. ప్రవక్తలందరూ మేకలు కాచినవారేనని తెలియజేశారు. మందను కాసేవాడు రోజూ అదే దారిన నడవాలి, తప్పిపోయినదాన్ని వెతకాలి, కుంటిదాని కోసం ఆగాలి. ఆ పనిలో మెప్పు లేదు. కానీ మనిషికి అది నేర్పే సహనం మరెక్కడా దొరకదు.

ఖుర్ఆన్ కంఠస్థం చేయించే తరగతిలో మేము ఇదే సత్యాన్ని ఏటా చూస్తున్నాం. హిఫ్జ్ మొదలుపెట్టిన పిల్లవాడు తొలి పారాలను ఉత్సాహంగా అప్పజెబుతాడు. పది పన్నెండు పారాలు దాటేసరికి అసలు బరువు తెలుస్తుంది. ఉదయం కొత్త సబఖ్ చెప్పాలి. ఇటీవల చదివినదీ అప్పజెప్పాలి. వెనుకటి పారాలు మరవకుండా తిరగేసుకోవాలి. ముందుకు వెళ్లే కొద్దీ వెనుకటి బరువు పెరుగుతుంది. మానేస్తానని పిల్లలు ఏడ్చేది అక్కడే, ఆ నడిమి దారిలోనే. అప్పుడు మేము పాఠాన్ని కొంచెం తగ్గిస్తాం కానీ మాన్పించం. ఇరవై పారాలు దాటిన తరువాత ఆ పిల్లవాడే పరుగెత్తడం మొదలుపెడతాడు.

బోధన చేపట్టిన మూడవ ఏట మేమూ ఒకసారి పెట్టె సర్దుకున్నాం. జీతం చాలడం లేదు, పట్నంలో ఒక దుకాణంలో లెక్కలు రాసే పని దొరికేలా ఉన్నది. ఒక పెద్ద ఉస్తాద్ మా పెట్టెను చూసి, "వెళ్లండి మౌలానా, కానీ మీ దగ్గరున్న ఈ ఏడుగురి పాఠం ముగించి వెళ్లండి" అన్నారు. ఆ ఏడుగురి పాఠం ముగిసేసరికి మరో పదిమంది వచ్చి కూర్చున్నారు. పెట్టె మళ్లీ అటక ఎక్కింది.

ఆ యువకుడి పని సంగతే చూద్దాం. ఏసీల మరమ్మతులో మొదటి ఏడాది నిచ్చెన మోయాలి, ఫిల్టర్లు కడగాలి. రెండవ ఏట రాగి గొట్టాలు బిగించడం, గ్యాస్ ఎక్కడ కారుతున్నదో సబ్బు నురుగుతో పట్టుకోవడం నేర్చుకుంటారు. ఆ తరువాతే వైరింగులో, సర్క్యూట్ బోర్డులో లోపాన్ని కనిపెట్టే నేర్పు వస్తుంది. అసలు సంపాదన అక్కడ మొదలవుతుంది. ఇతడు ఏడాదిన్నరకే, అదీ పని తగ్గిన చలికాలంలో మానేశాడు. తరువాత చేరిన ప్రతిచోటా మళ్లీ కొత్తవాడే, మళ్లీ నిచ్చెన మోసేవాడే. నాలుగేళ్లు కష్టపడ్డాడు. కానీ అవి ఒకదానిపై ఒకటి పేరిన నాలుగేళ్లు కావు. మొదటి ఏడాదినే అతడు మళ్లీ మళ్లీ మొదలుపెట్టాడు.

అయితే ఏ పనినీ ఎన్నటికీ విడువరాదని ఇస్లాం చెప్పడం లేదు. హజ్రత్ మూసా (అ) కూడా రెండుసార్లు చోటు మారారు. ఈజిప్టును విడిచింది ప్రాణాపాయం వల్ల. మద్‌యన్‌ను విడిచింది ఇచ్చిన మాట నెరవేరిన తరువాత. ఈ రెండు కారణాలూ మనకు కొలబద్దలు. పనిలో హరామ్ ఉంటే, యజమాని కూలి ఎగవేస్తుంటే, ఒంటికి హాని కలుగుతుంటే దాన్ని విడవడమే మేలు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ ప్రకటించాడు. అలాంటి చోట సహనం పేరుతో మన పిల్లల్ని కట్టిపడేయకూడదు. ఒప్పుకున్న గడువు ముగిసి, పెద్దలతో సంప్రదించి, ఇస్తిఖారా చేసి మెరుగైన దారిన వెళ్లడమూ తప్పు కాదు. కానీ ఈ రెండూ కాక, విసుగు వల్ల, ఎవరో ఏదో అన్నారన్న చిన్నతనం వల్ల, పక్కవాడి సంపాదన చూసి మానేస్తుంటే ఒక్క క్షణం ఆగాలి. అది నసీబు కాదు, నడిమి దారి.

ఇందులో ఇంటివారి బాధ్యతా తక్కువేమీ కాదు. పని నేర్చుకుంటున్న కుమారుడు సాయంత్రం ఇల్లు చేరగానే, పినతండ్రి కొడుకు గల్ఫ్ నుంచి ఎంత పంపాడో వినిపించే ఇంట్లో ఏ యువకుడి కాలు నిలుస్తుంది? ఈ రోజు కొత్తగా ఏం నేర్చుకున్నావు బేటా అని అడగండి. అతడు తెచ్చిన కొద్దిపాటి హలాల్ సంపాదనను బిస్మిల్లాహ్ అని రెండు చేతులా అందుకోండి. కొద్దిదైనా ఎడతెగక చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించారు. ఆరాధనలో నేర్చుకున్న ఆ నిలకడ అంగడిలోనూ మనకు తోడు రావాలి.

ఆ యువకుడితో ఈ మాటలే చెప్పాం. వారం తరువాత అతడు పాత ఉస్తాద్ దగ్గరికి వెళ్లి, చెప్పకుండా మానేసినందుకు క్షమాపణ కోరుకున్నాడు. ఎండాకాలం కావడంతో ఉస్తాద్‌కు మనుషుల అవసరం ఉన్నది. మునుపటి జీతానికే తిరిగి చేర్చుకున్నారు. ప్రస్తుతం పని బాగానే సాగుతున్నది. అసలు పరీక్ష రానున్న చలికాలంలో ఉన్నది. పని తగ్గిన ఆ నెలల్లో అతని నిచ్చెన అదే గోడకు ఆని ఉండాలని, ఆ తల్లి గాజులు ఆమె చేతికి చేరాలని మేము రోజూ దుఆ చేస్తున్నాం.

అల్లాహ్ మన సంతానానికి హలాల్ ఉపాధిని, అందులో నిలకడను, నిలకడలో శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.